‘వంగొద్దు’ అని రాసే ముందు

నడుం నొప్పితో మా క్లినిక్‌కి వచ్చేవాళ్ళలో చాలామంది కూర్చోగానే ఒక పెద్ద కవరు తీసి బల్ల మీద పెడతారు. ఎమ్మారై ఫిల్ములు, రెండు పేజీల రిపోర్టు, మందుల చీటీ. ఆ చీటీలో మందుల కింద ఇంచుమించు అందరికీ ఒకే జాబితా ఉంటుంది: ముందుకు వంగకూడదు, బరువులు ఎత్తకూడదు, కింద కూర్చోకూడదు, ఇండియన్ టాయిలెట్ వాడకూడదు, బెల్టు పెట్టుకోవాలి. ఎన్నాళ్ళు అన్నది మాత్రం ఉండదు. అడిగితే ‘ఏమోనండీ, జాగ్రత్తగా ఉండమన్నారు’ అంటారు. నొప్పి తగ్గేదాకా పాటించమన్న మాటని ఏళ్ళ తరబడి పాటిస్తున్నవాళ్ళు ఈ కూకట్‌పల్లి, మియాపూర్, నిజాంపేట చుట్టుపక్కల ఎంతమందో ఉన్నారు. పూజగదిలో కుర్చీ వేసుకుంటారు. కింద పడ్డ తాళంచెవి తియ్యడానికి పిల్లల్ని పిలుస్తారు. మనవణ్ణి ఎత్తుకోరు.

నేను ఫిజియోథెరపిస్టుని. రోజంతా నడుముల మీద చేతులు పెట్టి పనిచేసేదాన్ని. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: గడువు లేని ఆ ‘వంగొద్దు’ చాలామందికి వాళ్ళ డిస్క్ కన్నా ఎక్కువ నష్టం చేస్తోంది. వంగకూడని రోగాలు ఉన్నాయి, వాటి సంగతీ చెబుతాను. కానీ అవి తక్కువమందికి వచ్చేవి. ఆ తక్కువమందికి చెప్పాల్సిన మాటని ఊరందరికీ చెబుతున్నాం.

ఈ భయానికి మూలం వెన్నెముకని ఒక స్తంభంలా ఊహించుకోవడం. స్తంభమైతే వంగితే విరుగుతుంది కదా! పుట్టినప్పుడు మనకి 33 వెన్నుపూసలుంటాయి. పెద్దయ్యేసరికి నడుము కింది ఐదూ అతుక్కుపోయి త్రికాస్థి అవుతాయి, దాని కిందవి, మామూలుగా నాలుగు, కలిసిపోయి తోక ఎముక అవుతాయి. మిగతా 24 విడివిడిగానే ఉంటాయి: మెడలో 7, పక్కటెముకలు అతుక్కునే ఛాతీ భాగంలో 12, నడుములో 5. వాటి మధ్య మెత్తగా 23 డిస్కులు. ఒక్క డిస్కుల ఎత్తే కలిపితే వెన్ను పొడవులో దాదాపు నాలుగో వంతు. కదలకూడని దాన్ని ఎవరూ ఇన్ని ముక్కలుగా, ఇంత మెత్తతో కట్టరు.

ఈ 24 పూసలూ ఒకేలా కదలవు. ఎక్కడ ఏ కదలిక ఉందో తెలిస్తే సగం భయం అక్కడే పోతుంది.

బండి మీద జేఎన్టీయూ చౌరస్తాలో కుడివైపు తిరగబోతూ తల వెనక్కి తిప్పి చూస్తాం. ఆ తిరగడంలో సగం మెడలోని మొట్టమొదటి రెండు పూసల మధ్యే జరుగుతుంది. రెండో పూస మీద నిలువుగా ఒక మొన ఉంటుంది, మొదటి పూస ఉంగరంలా దాని చుట్టూ తిరుగుతుంది. అక్కడ డిస్క్ కూడా ఉండదు. మిగతా సగాన్ని కింది ఐదు పూసలూ పంచుకుంటాయి. ఛాతీ భాగానికి వస్తే, పక్కటెముకల గూడు వల్ల ముందుకూ వెనక్కీ వంగడం తక్కువ గానీ తిరగడం బాగానే ఉంటుంది, ఒక్కో వైపు 30 డిగ్రీల పైమాటే. ఇక నడుము. ఇక్కడి పూసల వెనక ఉండే జంట కీళ్ళు, ఫ్యాసెట్ కీళ్ళంటాం, నిలువుగా, ఇంచుమించు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. ముందుకు వెనక్కి జారడానికి వీలుగా, పక్కకి తిరగబోతే ఒకదానికొకటి అడ్డుపడేలా. అందుకని నడుములో ఒక్కో పూస దగ్గర తిరగడం ఒకటి రెండు డిగ్రీలే. ఐదూ కలిపినా పది డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. మనం ‘నడుం తిప్పడం’ అనుకునేదంతా నిజానికి పైన ఛాతీ వెన్ను, కింద తుంటి కీళ్ళు చేసే పని.

మరి నడుము చేసే పని ఏమిటి? ముందుకు వంగడం. కాళ్ళు నిటారుగా పెట్టి నేలని ముట్టుకున్నామంటే అందులో ఇంచుమించు 50 డిగ్రీలు నడుము పూసలవి, మిగతాది తుంటి కీళ్ళది. వెన్ను మొత్తంలో ముందుకు వంగడానికి ఇంతగా వీలున్న చోట్లు మెడా, నడుమూనే. ఆ రెండింటిలో నడుముకి వచ్చి ‘నువ్వు వంగకు’ అంటున్నాం.

‘వంగితే డిస్క్ బయటికొస్తుందట కదా’ అని అడుగుతారు. డిస్క్ ఎలా ఉంటుందో చూద్దాం. బయట పీచు పొరలు, పదిహేను నుంచి పాతిక దాకా, ఒకదాని మీద ఒకటి. నులకమంచం అల్లినట్టు ఒక పొరలో పీచు ఇటు వాలితే, దాని పక్క పొరలో అటు వాలుతుంది. ఎటు తిరిగినా సగం పొరలు బిగిసి ఆపుతాయి. లోపల నీళ్ళతో నిండిన గుజ్జు, కుర్రతనంలో దాదాపు 80 శాతం నీరే. డిస్క్ జరిగిందనే మాట మనవాళ్ళు ఎంత తేలిగ్గా అంటారో గానీ అది జరగదు. పైన పూసకీ కింద పూసకీ గట్టిగా అతుక్కుని ఉంటుంది. ఎప్పుడైనా అయ్యేదల్లా పొరలు బలహీనపడిన చోట ఉబ్బడం, లేదా చీలి లోపలి గుజ్జు కొంత బయటికి రావడం. అలా వచ్చినది పక్కనున్న నరాన్ని రాపిడి పెడితే కాలిలోకి మంట, తిమ్మిరి. సయాటికా అంటే అదే. నడుములో ఇలా వచ్చేవి నూటికి తొంభై పైగా అట్టడుగు రెండు డిస్కుల్లోనే. ఆ రెండు డిస్కుల పేర్లయిన ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అన్న మాటలు ఇప్పుడు ఇంగ్లీషు చదువు లేనివాళ్ళకి కూడా నోటికొచ్చు.

చాలామందికి తెలియని, తెలియజెయ్యాల్సిన విషయం ఇంకొకటి: అలా బయటికొచ్చిన గుజ్జుని చాలామందిలో శరీరమే తినేస్తుంది. పెద్ద ముక్క విడిగా ఊడి వచ్చిన కేసుల్లోనే ఇది ఎక్కువగా జరుగుతుంది, రక్షక కణాలు దాన్ని పరాయి పదార్థంగా చూసి కరిగించేస్తాయి. నెలలు పడుతుంది, అంతే. రిపోర్టులో ‘లార్జ్ ఎక్స్‌ట్రూజన్’ (పెద్ద ముక్క బయటికి పొడుచుకొచ్చింది) అన్న మాట చూసి ఏడుస్తూ వచ్చినవాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే.

డిస్క్‌కి రక్తనాళాలు లేవు. అంచుల్లో ఏవో కొద్దిగా తప్ప. దాని తిండీ నీళ్ళూ పైనా కిందా ఉన్న పూసల పలకల్లోంచి నెమ్మదిగా ఊరాలి. బరువు పడినప్పుడు కొంత నీరు బయటికి పోతుంది, పడుకున్నప్పుడు మళ్ళీ పీల్చుకుంటుంది. అందుకే పొద్దున లేచేసరికి మనం రాత్రి కన్నా ఒకటిన్నర సెంటీమీటర్ దాకా పొడవుంటాం. అలా పెరిగిన ఎత్తులో సగం దాకా లేచిన మొదటి గంటలోనే పోతుంది. ఆ మొదటి గంటలో డిస్క్ నీటితో బిర్రుగా ఉంటుంది కాబట్టి అదే వంపుకి దాని మీద ఒత్తిడి ఎన్నో రెట్లు ఎక్కువ పడుతుంది. 1998లో వచ్చిన ఒక అధ్యయనంలో పాత నడుం నొప్పి ఉన్నవాళ్ళని పొద్దున లేచాక కొంతసేపు మాత్రమే వంగొద్దన్నారు, రోజంతా కాదు. అంతమాత్రానికే నొప్పి తగ్గింది.

మన ఊరికి ఇది సరిగ్గా సరిపోయే సంగతి. మంచినీళ్ళు రోజు విడిచి రోజు, అదీ చాలా బస్తీల్లో తెల్లారకుండానే వస్తాయి. మంచం దిగీ దిగగానే సంపు మూత ఎత్తడం, నిండు బకెట్లు మొయ్యడం, వాకిలి ఊడ్చి వంగి ముగ్గు వెయ్యడం. ఇవన్నీ డిస్క్ అతి బిర్రుగా ఉన్న అరగంటలోనే. నా దగ్గరికొచ్చే ఆడవాళ్ళని ‘వంగుతావా?’ అని అడగను, ‘ఎన్నింటికి లేస్తావు, లేచి మొదట ఏం చేస్తావు?’ అని అడుగుతాను. ముగ్గు మానమని చెప్పను. లేచి టీ పెట్టుకుని, ఇంట్లో అటూ ఇటూ ఒక అరగంట తిరిగి అప్పుడు వెయ్యమంటాను. నిండు బకెట్ ఒకటి మోసే బదులు సగం బకెట్లు రెండు, రెండు చేతులా. జీవితాంతం వంగొద్దనడానికీ దీనికీ చాలా తేడా ఉంది.

ఎముకలూ డిస్కుల గురించే ఇంతసేపూ మాట్లాడాను. కానీ వెన్ను నిలబడేది వాటి వల్ల కాదు. 1961లో లూకస్, బ్రెస్లర్ అనే ఇద్దరు కండరాలన్నీ తీసేసిన వెన్నెముకని, డిస్కులూ, ఎముకల్ని కలిపి కట్టే పట్టీల్లాంటి లిగమెంట్లూ అలాగే ఉంచి, నిలబెట్టి పైన బరువు పెట్టి చూశారు. రెండు కిలోల దగ్గర అది ఒరిగిపోయింది. మన తలే నాలుగైదు కిలోలుంటుంది! అంటే నడిచే ప్రతి మనిషినీ నిలబెడుతున్నది కండరాలూ, వాటిని క్షణక్షణం నడిపే నరాలూ. వీపు వెనక పొడవాటి తాళ్ళలా ఎరెక్టార్ స్పైనే, పూసపూసకీ అతుక్కున్న చిన్న మల్టిఫిడస్, పక్కల్లో క్వాడ్రేటస్ లంబోరం, ముందు పొట్ట కండరాలు నాలుగు పొరలు, పైన ఊపిరి తీసే డయాఫ్రమ్, అడుగున కటి నేల కండరాలు. బరువు ఎత్తబోతూ ఊపిరి బిగబట్టినప్పుడు ఇవన్నీ కలిసి పొట్టలో ఒత్తిడి పెంచుతాయి, ఆ ఒత్తిడి మొండేన్ని నలువైపులా బిగిస్తుంది. మనం కొనే బెల్టు చేసే పనిని ఒళ్ళే చేసుకుంటుంది, అదీ అవసరమైనంతసేపే.

జిమ్ముల్లో ‘కోర్’ (పొట్ట, నడుం చుట్టూ ఉన్న కండరాలు) పేరుతో జరుగుతున్నదాని గురించి ఒక మాట. 1996లో ఆస్ట్రేలియాలో హాడ్జెస్, రిచర్డ్‌సన్ ఒక సంగతి గమనించారు: చెయ్యి ఎత్తడానికి ముందే పొట్ట లోపలి పొర, ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్, బిగుసుకుంటుంది. నడుం నొప్పి ఉన్నవాళ్ళలో అది సెకనులో ఎన్నో వంతు ఆలస్యమవుతుంది. అంతే ఆ పరిశోధన చెప్పింది. దాన్ని పట్టుకుని ‘రోజంతా పొట్ట లోపలికి లాక్కుని ఉండండి’ అనే ఉపదేశం పుట్టింది. ఇది తప్పు. నొప్పి ఉన్నవాళ్ళలో చాలామందికి నడుం కండరాలు ఎప్పుడూ బిగిసే ఉంటాయి, వాళ్ళకి నేర్పాల్సింది వదలడం.

ఎలా అంటారా, ఒకావిడ సంగతి చెబుతాను. వరంగల్ వైపు నుంచి వచ్చి మియాపూర్‌లో స్థిరపడిన యాభై దాటిన మనిషి. ఎప్పుడో ఒకసారి నడుం పట్టేసింది, స్కాన్ తీశారు, జాబితా రాశారు. ‘వంగితే ఆపరేషనే అన్నరు మేడం. గప్పటి సంది వంగుత లేను. బతుకమ్మ కాడ గూడ కుర్చీల గూసుంటున్న’ అంది. బతుకమ్మ ఆట చూసినవాళ్ళకి తెలుసు, అడుగు వేసి ముందుకు వంగి చప్పట్లు కొట్టి లేవడమే దాని నడక. తిరగడం, వంగడం, లేవడం, గంటల తరబడి. వంగొద్దంటే ఆట మొత్తం పోయినట్టే.

నడుం ఎంత వంగుతోందో కొలవడానికి ఒక పాత పద్ధతి ఉంది, షోబర్ పరీక్ష. వీపు అడుగున రెండు పక్కలా గుంటలుంటాయి కదా, వాటికి సరిగ్గా మధ్యలో పెన్నుతో గీత పెట్టి, అక్కణ్ణుంచి 10 సెంటీమీటర్లు పైకి కొలిచి ఇంకో గీత పెట్టాలి. మనిషి ముందుకు వంగినప్పుడు ఆ రెండు గీతల మధ్య దూరం 15 దాకా పెరగాలి. పూసలు ఒకదాని మీద ఒకటి విచ్చుకున్న కొలత అది. ఆవిణ్ణి వంగమన్నాను. ఊపిరి బిగబట్టింది. గడ్డం పైకెత్తింది. మోకాళ్ళు ముందు వంగాయి, చేతులు తొడల మీద పాకుతూ మోకాలి చిప్పల దాకా వెళ్ళి ఆగాయి. వెన్నుకి రెండు పక్కలా కండరాలు నా బొటనవేళ్ళ కింద కర్రల్లా నిలబడ్డాయి. టేపు మీద 11న్నర. వంగిన వంపు దాదాపంతా తుంటిదే.

తర్వాత ఆవిణ్ణి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు రెండూ పట్టుకుని నెమ్మదిగా పొట్ట మీదికి నొక్కాను. ఊపిరి వదులుతూ ఉండమన్నాను. మోకాళ్ళు ఛాతీకి ఆనాయి, త్రికాస్థి బల్ల మీంచి లేచింది, నడుము పూర్తిగా గుండ్రంగా వంగింది. నొప్పి లేదు. అదే నడుము, అదే డిస్కు, అదే రిపోర్టు. నిలబడి వంగమంటే రాని వంపు పడుకుంటే వచ్చింది. అంటే ఆపుతున్నది డిస్కు కాదు, కాపలా కాస్తున్న కండరం. ఆ కాపలా పెట్టింది భయం.

దీని వెనక కూడా శాస్త్రం ఉంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి పూర్తిగా ముందుకు వంగితే, వంపు చివర్లో వీపు కండరాలు పని మానేస్తాయి. విద్యుత్ సంకేతాలు కొలిస్తే గీత చదునైపోతుంది, బరువుని లిగమెంట్లూ డిస్కులూ మోస్తాయి. ఫ్లాయిడ్, సిల్వర్ 1950ల్లోనే ఇది చూపించారు. పాత నడుం నొప్పి ఉన్నవాళ్ళలో చాలామందికి ఆ నిశ్శబ్దం రాదు. వంగినా, లేచినా, కూర్చున్నా కండరం బిగిసే ఉంటుంది. సాయంత్రానికి ఆ కండరమే నొప్పెడుతుంది, మనం డిస్కుని తిడతాం.

ఆవిడకి నేను చేసిందంతా ఆ వంపుని మెట్టు మెట్టుగా తిరిగి ఇవ్వడమే. మొదట పడుకుని మోకాళ్ళు లాక్కోవడం. తర్వాత చేతులూ మోకాళ్ళ మీద ఉండి వీపు గుండ్రంగా ఎత్తి దించడం. తర్వాత కుర్చీలో కూర్చుని కాళ్ళ మధ్య నుంచి నేలని ముట్టుకోవడం. అది భయం లేకుండా వచ్చాక నిలబడి. ఆ తర్వాత చేతిలో రెండు కిలోల బియ్యం సంచి, ఆ తర్వాత ఐదు. ఆ ఏడు బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు ఆడలేదు. చివరి రోజు, సద్దుల నాడు రెండు పాటలకి ఆడిందట. మర్నాడు ఫోన్ చేసి తొడలు లాగుతున్నాయంది, నడుం మాట ఎత్తలేదు.

ఇంత భయం ఎక్కడ నుంచి వచ్చింది? సగం పాత కొలతల నుంచి. స్వీడన్‌లో నాకెమ్సన్ అనే ఆర్థోపెడిక్ వైద్యుడు 1960ల్లో బతికున్న మనుషుల డిస్కుల్లోకి సూది పంపి ఒత్తిడి కొలిచారు. నిలబడటం కన్నా కూర్చోవడంలో ఎక్కువని, వంగి కూర్చుంటే మరీ ఎక్కువని వచ్చింది. ఆ కొలతల బొమ్మలే తరాలుగా పాఠ్యపుస్తకాల్లో, క్లినిక్ గోడల మీద ఉన్నాయి. 1999లో జర్మనీలో విల్కే బృందం కొత్త పరికరంతో, ఒకే ఒక్క మనిషి మీదైనా, చాలా వివరంగా కొలిచింది. నిలబడితే 0.5 మెగాపాస్కల్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం), ఆనుకోకుండా కూర్చుంటే 0.46, కుర్చీలో వెనక్కి జారగిలబడితే 0.27. అంటే ‘నిటారుగా కూర్చో’ అని మనం పిల్లల్ని అదిలించే భంగిమ కన్నా, వాళ్ళు జారగిలబడ్డ భంగిమలోనే డిస్క్ మీద ఒత్తిడి తక్కువ! గచ్చిబౌలి, రాయదుర్గం ఆఫీసుల నుంచి వచ్చే పిల్లలు ‘ఏ కుర్చీ కొనాలి మేడం’ అని అడుగుతారు. ఏదైనా కొనండి, అందులో గంటలు గంటలు కదలకుండా ఉండకండి అంటాను. తిండి ఊరాలంటే డిస్క్ మీద బరువు పడుతూ తీస్తూ ఉండాలి. కేబీఆర్ పార్కు చుట్టూ పొద్దున్నే పరిగెత్తేవాళ్ళని చూసి ‘వెన్ను అరిగిపోతుంది’ అనేవాళ్ళున్నారు. 2017లో ఎమ్మారైతో చేసిన ఒక పరిశోధనలో, ఏళ్ళుగా పరిగెత్తేవాళ్ళ డిస్కుల్లో కదలకుండా ఉండేవాళ్ళ కన్నా నీరు ఎక్కువగా కనిపించింది.

మిగతా సగం భయం స్కాన్‌ది. ‘మైల్డ్ డిఫ్యూజ్ డిస్క్ బల్జ్ ఇండెంటింగ్ ద థీకల్ శాక్’ (డిస్క్ చుట్టూరా కొద్దిగా ఉబ్బి నరాల చుట్టూ ఉండే సంచిని కాస్త నొక్కుతోంది) అన్న వాక్యం లేని రిపోర్టు నేను చూడటం అరుదు. ఆ వాక్యం చదివిన మనిషి తన వెన్ను కూలిపోతోందనుకుంటాడు. 1994లో అమెరికాలో అసలు నడుం నొప్పే లేని 98 మందికి ఎమ్మారై తీశారు. వాళ్ళలో 52 శాతం మందికి ఎక్కడో ఒకచోట డిస్క్ ఉబ్బు ఉంది. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవాళ్ళు 36 శాతమే. 2015లో ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి, నొప్పి లేని 3,110 మంది చిత్రాలని లెక్కగట్టారు: ఇరవై ఏళ్ళవాళ్ళలోనే 37 శాతానికి డిస్క్ అరుగుదల, యాభైకి వచ్చేసరికి 80 శాతానికి, ఎనభైకి 96 శాతానికి. వీళ్ళెవరికీ నొప్పి లేదు, ఇది మర్చిపోకూడదు. రిపోర్టులో ఉన్నది అబద్ధం కాదు. కానీ మీ వయసు మనిషికి మామూలుగా ఉండేదేనా కాదా అన్నది ఆ కాగితం మీద రాయరు. రాస్తే ఎంత బాగుండును! ఇంట్లో అందరూ కూర్చుని చదివే ఆ కాగితం మీద ఒక్క లైను చాలు.

ఇక్కడ నాకు ఎదురు చెప్పేవాళ్ళు ఒక ప్రశ్న వేస్తారు, అది న్యాయమైనదే: రోజంతా వంగి బరువులు మోసేవాళ్ళ నడుములు పాడవడం లేదా? మలక్‌పేట గంజ్‌లో హమాలీలని చూడండి. ఉల్లిగడ్డ బస్తాని ఇద్దరు చెరో మూల పట్టి లేపుతారు, మూడోవాడు ముందుకు ఒరిగి వీపు అందిస్తాడు. బస్తా భుజాల వెనక పడే ముందు ఒక్క క్షణం ఊపిరి బిగబడతాడు, పొట్ట గట్టిపడటం చొక్కా మీంచి కూడా కనిపిస్తుంది. పడ్డాక చిన్న చిన్న అడుగులతో, మొండెం ఒరిగే ఉంచి, నడుం తిప్పకుండా కాళ్ళతోనే తిరుగుతాడు. ఇదంతా ఎవరూ క్లాసు పెట్టి నేర్పలేదు. అయినా వాళ్ళకి నొప్పులు వస్తాయి, ఎక్కువే వస్తాయి. బస్తాకింత అని కూలి, లోడు దిగేదాకా విరామం లేదు, నిద్ర చాలదు. అది వంపు తప్పు కాదు, మోతాదు తప్పు. విల్కే కొలతల్లోనే చూడండి: 20 కిలోలు వీపు గుండ్రంగా వంచి ఎత్తితే 2.3 మెగాపాస్కల్, మోకాళ్ళు వంచి ఎత్తితే 1.7, అదే బరువు ఒంటికి ఆనించి పట్టుకుంటే 1.1. బరువు పెరిగేకొద్దీ, ఒంటికి దూరమయ్యేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, ఇందులో వాదన లేదు. అందుకే ఒంటికి దగ్గరగా పట్టుకోమంటాను. లారీలో గంటలు కూర్చుని వచ్చి దిగగానే మొదటి బస్తా ఎత్తొద్దంటాను, అంతసేపు వంగి కూర్చున్నాక లిగమెంట్లు సాగి ఉంటాయి కాబట్టి. ‘బరువులు ఎత్తొద్దు’ అని మాత్రం అనను. అన్నా ‘మరి తినేదెట్ల మేడం’ అంటారు, దానికి నా దగ్గర జవాబు లేదు.

బెల్టు సంగతి త్వరగా చెప్పేస్తాను. పెట్టుకున్నంత మాత్రాన నడుం నొప్పి రాకుండా ఆగుతుందనడానికి రుజువు దొరకలేదు, అధ్యయనాలన్నీ కలిపి చూసినా. బరువు ఎత్తే పద్ధతుల మీద క్లాసులు పెట్టినా అంతే. నొప్పి బాగా ఉన్న ఒకటి రెండు రోజులు బెల్టు హాయినిస్తే పెట్టుకోండి, తర్వాత తీసెయ్యండి. మంచం పట్టడం కూడా అంతే. 1986లోనే తేలింది, రెండు రోజులు పడుకున్నవాళ్ళు ఏడు రోజులు పడుకోమన్నవాళ్ళ కన్నా త్వరగా పనికి వెళ్ళారు. నొప్పి వచ్చిన వైపు మల్టిఫిడస్ కొద్ది రోజుల్లోనే చిక్కిపోతుంది, నొప్పి తగ్గినంత మాత్రాన తిరిగి పెరగదు. దాన్ని పెంచాలంటే దానికి పని చెప్పాలి.

ఇక వంగకూడనివాళ్ళు. మొదటి వరసలో ఎముకలు గుల్లబారినవాళ్ళు, ముఖ్యంగా నెలసరి ఆగిన చాలా ఏళ్ళకి ఎత్తు తగ్గుతూ వీపు పైన గూని మొదలైన పెద్దవాళ్ళు. వాళ్ళ పూసల ముందు భాగం వంపుకే నలిగిపోవచ్చు. అలాంటి పెద్దావిడని ‘యోగా మంచిది’ అని ముందుకు మడిచే ఆసనాలు వేయించడం ప్రమాదం, వాళ్ళకి వెనక్కి వంచే వ్యాయామాలే. రెండు, సయాటికా మొదలైన కొత్తల్లో వంగగానే మంట పిక్క దాకా పాకుతుంటే ఆ కొన్ని వారాలు ఆ వంపుని పక్కన పెట్టాలి, తగ్గుతుంటే తిరిగి తెచ్చుకోవాలి. మూడు, కింద పడ్డాకో యాక్సిడెంట్ అయ్యాకో వచ్చిన నొప్పి, ఎక్స్‌రే చూసేదాకా కదపకూడదు.

వీటన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సినవి రెండున్నాయి. మన దేశంలో వెన్నుకి టీబీ ఇంకా వస్తూనే ఉంది. పెర్సివాల్ పాట్ అనే ఇంగ్లీషు సర్జన్ 1779లో వర్ణించిన ఆ రోగం పేరు పాట్స్ డిసీజ్. సాయంత్రాలు జ్వరం, ఒళ్ళు తగ్గిపోవడం, పడుకున్నా తగ్గని, రాత్రిళ్ళు లేపేసే నొప్పి ఉంటే ఫిజియో దగ్గరికి రావద్దు, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. రెండోది: వెన్నుపాము నడుము మొదట్లో, మొదటి రెండో పూసల దగ్గరే ఆగిపోతుంది. ఆ కింద నరాల కుచ్చు మాత్రమే ఉంటుంది. పెద్ద డిస్క్ ముక్క ఆ కుచ్చునే నొక్కితే మూత్రం పోతున్నది తెలియకపోవడం, ఆగిపోవడం, జీను మీద కూర్చుంటే ఆనే చోటంతా మొద్దుబారడం, రెండు కాళ్ళూ బలహీనపడటం జరుగుతాయి. అది గంటల మీద నడిచే వ్యవహారం. తెల్లారాక చూద్దాంలే అనుకోకుండా అప్పటికప్పుడు పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాలి. ‘వంగొద్దు, కింద కూర్చోవద్దు’ అని ఐదు లైన్లు రాసే చీటీల మీద ఈ ఒక్క లైను కనపడకపోవడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. అవసరం లేని భయం అంతమందికి పంచి, అవసరమైన జాగ్రత్త ఒక్కరికీ చెప్పడం లేదు.

చీటీ రాసేవాళ్ళని నేను అడిగేది ఇంతే. ‘వంగొద్దు’ అని రాయాల్సి వస్తే పక్కన ‘రెండు వారాలు’ అనో ‘మళ్ళీ చూపించుకునేదాకా’ అనో గడువు రాయండి. గడువు తీరాక ఎలా మొదలుపెట్టాలో ఒక మాట చెప్పండి, చెప్పే తీరిక లేకపోతే ఎవరి దగ్గరికి పంపాలో రాయండి. రిపోర్టు చదివి చెప్పేటప్పుడు ‘ఈ వయసులో నొప్పి లేనివాళ్ళకీ ఇవే ఉంటాయి’ అనండి, నిజంగా అలాగే ఉంటే. మూత్రం, మొద్దుబారడం గురించిన లైను అచ్చు వేయించి ప్రతి చీటీ కిందా ఉంచండి. ఇంట్లో ఇప్పటికే ఆ పాత జాబితా ఉన్నవాళ్ళు దాన్ని తీసుకుని రాసిన డాక్టర్ దగ్గరికే మళ్ళీ వెళ్ళండి. ‘ఇది ఇంకా పాటించాలా?’ అని అడగండి. చాలామందికి ‘అబ్బే, అది అప్పటి మాట’ అన్న జవాబే వస్తోంది.